సంపత్ చార్జి అప్పగించిన సాయంత్రం

పది నెలల్లో సంపత్ నాటకం ముగ్గురు రాజుల్ని పోగొట్టుకుంది. యుద్ధంలో కాదు, బదిలీల్లో.

మొదటి రాజు జోధ్‌పూర్ వెళ్లాడు. రెండో రాజు తేజ్‌పూర్ వెళ్లాడు. మూడో రాజు రోహన్, పదేళ్లవాడు. బుధవారం సాయంత్రం వచ్చి అట్ట కిరీటం సంపత్ చేతిలో పెట్టి, నాన్నకి పుణె పడింది, ఎల్లుండి రైలు అని చెప్పి ఫుట్‌బాల్ ఆడుకోవడానికి వెళ్లిపోయాడు. నాటకం శనివారం.

సంపత్‌ది హనుమకొండ. సికింద్రాబాద్‌లో సోషల్ వర్క్ చదువుతూ, వారానికి మూడు సాయంత్రాలు కంటోన్మెంట్‌లో జవాన్ల పిల్లలతో ఆటలు, పాటలు, నాటకాలు నడిపించే పార్ట్‌టైమ్ పని చేస్తున్నాడు. చేరిన కొత్తలో గోడ మీద పెద్ద చెట్టు గీసి, 'ఎప్పటికీ విడిపోని స్నేహాలు' అని పేరు పెట్టి, ఒక్కో ఆకు మీద ఒక్కొక్కరి పేరు రాశాడు. ఫౌజీ పిల్లల గోడ మీద అలాంటి చెట్టు గీసిన మొదటి మనిషి అతనే అయ్యుంటాడు. రెండేళ్లకో ఊరు మారే ఆ పిల్లలు దాన్ని మర్యాదగా చూసి ఊరుకున్నారు. ఇప్పుడా చెట్టు మీద సగం పేర్లు కొట్టేసి ఉన్నాయి.

రోహన్ ఏడవలేదు. సంపతే కిరీటం పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. వాడంటే అతనికి ప్రాణం. ఆ బాధలో, ఆ కోపంలో అప్పటికప్పుడు రాజీనామా రాసి మస్తాన్ సాబ్ దగ్గరికి పట్టుకెళ్లాడు.

మస్తాన్ సాబ్‌ది కడప. ఫౌజులో స్టోర్లు చూసి, సుబేదారుగా రిటైరై, ఇప్పుడీ పిల్లల కేంద్రం చూసుకుంటున్నాడు. సంపత్‌కి పని నేర్పింది ఆయనే, అదీ పెద్దగా మాట్లాడకుండా. సంపత్ వెళ్లేసరికి కుట్లు విడిపోయిన ఇంకో ఫుట్‌బాల్‌ని కుట్టుకుంటున్నాడు.

"నాతోని కాదు సాబ్. మంచిగ దగ్గరైతరు, పోతరు. ఎవరి కోసమని నేర్పాలె నేను?"

సాబ్ కాగితం చదివి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బతిమాలతాడేమో అనుకున్న సంపత్‌కి కొంచెం చిన్నతనంగా అనిపించింది.

"సరే అప్పా. చార్జి ఇచ్చి పో."

ఫౌజులో ఎవరు ఎక్కడికి కదిలినా, తన చేతిలో ఉన్నవన్నీ తర్వాత వచ్చేవాళ్లకి చూపించి, అప్పగించి, సంతకం తీసుకోవాలి. ఒక్క చెంచా తక్కువైనా మనిషి కదలడానికి లేదు. ఎవరికి ఇవ్వాలని అడిగితే సాబ్ సూదితోనే జోషిత వైపు చూపించాడు.

జోషితకి తొమ్మిదేళ్లు. వాళ్ల నాన్న హవల్దారు, సొంతూరు శ్రీకాకుళం దగ్గర. ఆ పిల్ల ఇప్పటికే నాలుగు ఊళ్లు, నాలుగు బళ్లు చూసింది. నాటకంలో వేషం ఇస్తానంటే ఎప్పుడూ వద్దంటుంది, తెర వెనక కూర్చుని అందరికీ మాటలు అందిస్తుంది. పిలవగానే పరీక్ష అట్ట, పెన్ను పట్టుకొచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

విజిల్ ఒకటి. ఊది చూసింది. ఆట తాళ్లు ఐదు. లాగి చూసింది. డోలక్ ఒకటి. కుడివైపు చిరుగు ఎప్పటిదని అడిగి, 'పాత చిరుగు' అని రాసుకుంది. కిరీటం ఒకటి.

"పిల్లలు?" అంది.

పద్దెనిమిది మంది, పేర్లు రిజిస్టర్‌లో ఉన్నాయన్నాడు సంపత్.

"పేర్లు నాకూ తెలుసన్నా. సంగతులు చెప్పు."

సంపత్ తల గోక్కున్నాడు. గుర్‌కీరత్ వాళ్ల నాన్న సరిహద్దులో ఉన్నాడు, శుక్రవారం ఆరింటికి ఫోన్ చేస్తాడు, ఆ రోజు వాణ్ణి ఐదున్నరకే పంపెయ్యాలి అన్నాడు. జోషిత రాసుకుంది. థాపా కవలల్లో ఒకడు అవుటైతే రెండోవాణ్ణి కూడా అవుట్ చెయ్యాలి, లేకపోతే ఇద్దరూ ఏడుస్తారు. మీనాక్షి ఎవరైనా చూస్తుంటే బిస్కెట్ తినదు, అటు తిరిగి నిలబడాలి. ఇబోమ్చా వెనక నుంచి విజిల్ వెయ్యకూడదు, ఉలిక్కిపడతాడు. అల్తాఫ్‌కి నిజంగా కడుపునొప్పి వచ్చింది రెండుసార్లే, మిగతావన్నీ లెక్కల హోంవర్క్.

చెబుతుంటే ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. ఇన్ని తనకి తెలుసని సంపత్‌కే తెలీదు. పదిమంది అయ్యాక రోహన్‌ని దాటేసి తర్వాతి పేరు ఎత్తుకున్నాడు.

జోషిత పెన్ను ఆపింది. "రోహన్?"

"వాడు పోతుండు కదా."

"ఎల్లుండి కదా. ఇవాళ ఉన్నాడు."

సంపత్ మైదానం వైపు చూశాడు. రోహన్ గోల్ గురి తప్పి, తప్పు బంతిదేనని వాదిస్తున్నాడు. ఇంట్లో నల్ల ట్రంకుపెట్టెలు సర్దడం మొదలైతే వాడికి రాత్రిళ్లు నిద్ర పట్టదని, ఈ రెండు రోజులూ వాణ్ణి గట్టిగా ఏమీ అనకూడదని చెప్పాడు సంపత్. చెబుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జోషిత అతని మొహం చూడకుండా రాసుకుంది.

"మరి రాజు వేషం ఎవరికి అప్పగిస్తున్నావు?"

ఎవరికీ లేదన్నాడు. మూడు రోజుల్లో అన్ని మాటలు ఎవరికొస్తాయి?

"నాకొచ్చు. కిరీటం చార్జి తీసుకున్నది నేనే కదా."

మరి ఇన్నాళ్లూ వేషం ఎందుకు వద్దన్నావని అడిగాడు సంపత్. జోషిత పెన్ను మూత పెట్టి తీసింది.

"మా నాన్నకి ఎప్పుడు బదిలీ అవుతుందో తెలీదు కదన్నా. మధ్యలో వెళ్లిపోతే నువ్వు బాధపడతావని."

ఆగి, శనివారం లోపల అయితే రాదులే అని ధైర్యం చెప్పింది. సంపత్ కిరీటం తీసి ఆ పిల్లకి అందించాడు.

కిరీటం పెట్టి చూస్తే ఆ పిల్లకి ముక్కు దాకా దిగింది. మస్తాన్ సాబ్ బంతి పక్కన పెట్టి, జేబులోంచి కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, కిరీటం లోపల దోపి, మళ్లీ తల మీద పెట్టాడు. జోషిత తల అటూ ఇటూ ఊపింది. కిరీటం కదల్లేదు.

"సాబ్, అది నా రాజీనామా."

"తెలుసప్పా. కాగితం మందంగా ఉంది, బాగా పనికొచ్చింది."

సాబ్ మళ్లీ సూది అందుకున్నాడు. జోషిత కిరీటంతోనే పేజీ తిప్పి, అంకె వేసింది.

"పన్నెండు. ఇది నేనే. చెప్పన్నా."

సంపత్ బూట్లు విప్పి పక్కన పెట్టి, ఆ పిల్లకి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"దీనికి జర టైం పడతది," అన్నాడు.