రెండు చాపలు

మీరు కోటకింది బజారులోనే ఉన్నారు కదా. చెప్పండి, ఏం చూశారు? ఊరి చివర ఫకీర్లుండే తకియాలో చాపలల్లుకుని బతికే పీరుసాబు మీకు తెలుసు. ఆయన శిష్యుడు మౌలాలి, కుల్సుంబీ అంగట్లో సుర్మా డబ్బీ తీసి చొక్కా చేతి మడతలో దాచాడు. ఆమె వాడి మణికట్టు పట్టుకోగానే దాన్ని పారే మోరీలోకి విసిరేశాడు. మీరంతా చూశారు. జవాను అడిగితే మాత్రం "మేం బేరంలో ఉన్నాం" అన్నారు.

సరే, తర్వాత జరిగింది వినండి.

మౌలాలికి ఇది రెండోసారి. మొదటిసారి మేజిస్ట్రేటు బుద్ధి చెప్పి వదిలేశాడు. అప్పుడు జామీను నిలబడింది పీరుసాబే. రెండోసారికి ఆ దారి లేదు. నేరం రుజువైతే ఏడాది కఠిన ఖైదు, రాళ్లు కొట్టాలి. రుజువు కాకపోతే తప్పుడు ఫిర్యాదని కుల్సుంబీకి జుల్మానా. మొగుడు పోయిన మనిషి, ఆ అంగడే ఆమెకు కూడు.

విచారణ నాడు పొద్దున్నే మౌలాలి గురువు ముందు కూర్చున్నాడు.

"బాబా, సాక్షులెవరూ లేరు. మీరొక్క మాట చెబితే చాలు. ఆ వేళకు నేను మీ దగ్గర చాపలకు తుంగ చీలుస్తున్నానని."

పీరుసాబు అల్లిక ఆపలేదు. "డబ్బీ ఎందుకు తీశావురా?"

"తెలీదు బాబా. చెయ్యి దానంతటదే పోయింది."

"నీ చెయ్యేగా?"

మౌలాలి తల దించుకున్నాడు. "ఒక్క మాటే బాబా. మీ మాటంటే మేజిస్ట్రేటుకు గురి."

"అది నిజమే. అందుకే కదా అడుగుతున్నావు."

ముసలాయన లేచాడు. గోడకానించిన చాపల్లోంచి ఒకటి తీసి, చుట్టి, తాడు కట్టాడు. తర్వాత తను పడుకునే చాప కూడా దులిపి, చుట్టి, కట్టాడు. రెండూ తెచ్చి మౌలాలి భుజానికెత్తాడు.

"రెండెందుకు బాబా? జైలుకు పోతే నేనొక్కణ్ణే కదా."

"నువ్వు చెప్పమన్న మాట చెబితే దొంగలం ఇద్దరమవుతాం. పద, పొద్దెక్కుతోంది."

గడప దగ్గర మౌలాలి ఆగాడు. భుజం మీంచి గురువు చాప దించి, తాడు విప్పి, ఎప్పుడూ పరిచే చోటే పరిచాడు. ఒక మూల ముడుచుకుంటే అరచేత్తో సాపు చేశాడు.

కచేరీలో ఎవరూ అడగకముందే చెప్పాడు. "నేనే తీశాను దొరా. ఇది రెండోసారి. కుల్సుంబీది నిజం."

ఏడాది అన్నాడు మేజిస్ట్రేటు. ఒక్క రోజూ తగ్గించలేదు. జవాన్లు తీసుకుపోతుంటే మౌలాలి చాప చంకలో పెట్టుకుని తలెత్తుకునే నడిచాడు.

కచేరీ వాకిట్లో పీరుసాబు నిలబడి ఉన్నాడు. "నువ్వు మొదలుపెట్టిన చాప సగంలో ఉంది. నేను ముట్టను. వచ్చి నువ్వే ముగించు."

గుంపు విడిపోయింది. మీరూ ఇళ్లకు పోయారు. వాడి చాప వాడే మోసుకుపోయాడు. ముసలాయన చాప తకియాలో పరిచి ఉంది. మరి, బేరంలో ఉన్నామన్న మీ చాప ఎక్కడుంది?