కుడెమ్మా ఎడమ్మా నెత్తురు దులిపిన రోజు

ఒకప్పుడు లోకంలో ఎవ్వరూ ఉచ్చ పోసేవాళ్ళు కాదు. మనుషులూ పోసేవాళ్ళు కాదు, మేకలూ పోసేవి కాదు. తాగిన నీళ్ళు తాగినట్టే లోపల ఉండిపోయేవి.

ఆ కాలంలో పోలమ్మ అని మేకలు కాసుకునే ఆవిడ ఉండేది. ఆవిడ ఒంట్లో, వీపు వెనకాల, వెన్నెముకకి అటొకతి ఇటొకతి అక్కచెల్లెళ్ళు ఇద్దరు కూర్చునుండేవాళ్ళు. కుడిపక్కది కుడెమ్మ, ఎడమపక్కది ఎడమ్మ. చూడ్డానికి పెద్ద సైజు చిక్కుడు గింజల్లా ఉండేవాళ్ళు. పనేమీ లేదు. కుడెమ్మ నెత్తిమీద కార్జం మావయ్య, అదే కాలేయం, తిష్ట వేసుకుని కూర్చునేవాడు గనక, ఆవిడ కాస్త కిందికి జరిగి సర్దుకునేది.

"తిని కూర్చోడానికి ఇద్దరెందుకో" అని చర్మం వదిన దెప్పేది. కుడెమ్మకి ఆ మాట గుచ్చుకునేది.

ఒళ్ళంతా తిరిగే పని నెత్తురు బావది. అందరికీ తిండీ నీళ్ళూ మోసుకెళ్ళేవాడు. తిన్నవాళ్ళు ఊరుకుంటారా, తుక్కంతా తిరిగి అతని తట్టలోనే పడేసేవాళ్ళు. దించుకుందామంటే చోటు లేదు. తట్ట రోజురోజుకీ బరువెక్కింది.

పోలమ్మ కాళ్ళు వాచాయి. కళ్ళ రెప్పలు ఉబ్బాయి. ముద్ద నోట్లో పెడితే వాంతి. ఒకరోజు మేకల మధ్యే చతికిలబడిపోయింది.

గుండె పెద్దమ్మ అందర్నీ పిలిచింది. "తొయ్యలేకపోతున్నాన్రా నాయనా. ఈ మురికి బయటికి పోకపోతే పోలమ్మ పోతుంది. ఆవిడ పోతే మనమూ పోయినట్టే."

"విషాన్ని నేను విరగ్గొడతా. ఆ పొట్టు ఎక్కడ పొయ్యమంటావు?" అన్నాడు కార్జం మావయ్య.

"చెమట పోసేసరికే నా పని అయిపోతోంది" అంది చర్మం వదిన.

"గాలైతే మేం ఊదేస్తాం గానీ" అని నసిగాయి ఊపిరితిత్తులు.

"మేం చూస్తాం" అంది కుడెమ్మ.

అందరూ నవ్వారు. నెత్తురు బావకి నవ్వే ఓపిక కూడా లేదు. "ఎవరో ఒకరు చూడండే" అని తట్ట తెచ్చి వాళ్ళ ముందు పెట్టాడు.

ఇద్దరూ బియ్యంలో రాళ్ళేరినట్టు మురికి ఏరడం మొదలెట్టారు. ఒక్క పలుకు తీసేలోపు గంపెడు దాటిపోయేది. పైగా పోలమ్మ నీరసం తగ్గుతుందని ఏదో ఆకు నమిలింది. అది మంచిదో చెడ్డదో వీళ్ళకి తెలీదు. తెలీనిదాన్ని ఏరేదెలా? పోనిచ్చారు. పోలమ్మ కళ్ళు తేలేసింది.

"చెప్పానా" అంది చర్మం వదిన.

ఎడమ్మ ఏడుపు మొహం పెట్టింది. కుడెమ్మ మాత్రం ఏదో గుర్తు తెచ్చుకుంటోంది. ఇల్లు దులిపేటప్పుడు పోలమ్మకి వంగీ లేచీ నడుం పడిపోయేది. నడుం పక్కనే ఉండేవాళ్ళు గదా, ఆ పనంతా వీళ్ళకి కంఠతా వచ్చు.

"ఒసే ఎడమ్మా, గుడిసెలో తేలు దూరితే పోలమ్మ ఏం చేస్తుందే?"

"సామానంతా వాకిట్లో పెడుతుంది."

"తేలుని వెతుకుతుందా?"

"ఎందుకు వెతుకుతుంది? తన చట్టీ, తన చేటా, తన గొంగళీ చూసుకుని లోపలికి తెచ్చుకుంటుంది. తనది కానిది బయటే..." ఎడమ్మ ఆగిపోయింది. "అన్నీ బయట పోసేద్దామంటావా ఏంటే?"

"మురికెన్ని రకాలో మనకి తెలీదు. మనవేవో తెలుసు గదా."

గుండె పెద్దమ్మ అదిరిపడింది. "నీళ్ళూ ఉప్పూ చక్కెరా అన్నీ పారబోస్తారా? తిరిగి తేలేకపోతే పోలమ్మ ఎండిపోయి చస్తుందే."

"తెస్తాం. నువ్వు గట్టిగా తొయ్యి పెద్దమ్మా."

గుండె తోసింది. నెత్తురు బావ అక్కచెల్లెళ్ళ లోపలున్న సన్నటి జల్లెళ్ళ మీదికొచ్చి పడ్డాడు. అతని ఎర్ర కణాలు ఆ చిల్లుల్లో పట్టక పైనే నిలిచిపోయాయి. నీళ్ళు, ఉప్పు, చక్కెర, తుక్కు, ఆ ఆకు విషం, అన్నీ కిందికి జారాయి. కిందంతా వంకరటింకర సందులు. అసలు పని అక్కడుంది.

చక్కెర మనదే, లోపలికి రా. ఒక్క పలుకు పోలేదు. ఉప్పు, కావలసినంత రా. నీళ్ళూ, రండి రండి. చేతులు కనపడనంత వేగంగా అక్కచెల్లెళ్ళిద్దరూ సందుసందులోనూ తమవి పట్టి లోపలికి తోసేస్తున్నారు. కార్జం మావయ్య నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

చివర్లో మిగిలిన కాసిని నీళ్ళ మీద ఎడమ్మ చెయ్యి వేసింది.

"వదిలెయ్యవే" అంది కుడెమ్మ. "మురికి నడిచిపోవాలంటే దానికీ కాసిని నీళ్ళు కావాలి."

ఆ పసుపుపచ్చ నీళ్ళు రెండు గొట్టాల్లోంచి కింద సంచిలోకి చుక్కాచుక్కా దిగాయి. సాయంత్రానికి సంచి నిండింది. పోలమ్మ కళ్ళు తెరిచింది. ఉన్నట్టుండి పొత్తికడుపు పట్టుకుని పొదచాటుకి పరిగెత్తింది. మేకలు మేత ఆపి చూశాయి.

"ఏంటే ఆ చూపు? నాకేదో కారిపోతోందిక్కడ" అంది పోలమ్మ. కాసేపాగి, "అబ్బ, ప్రాణం తేలికపడింది" అంది.

నెత్తురు బావ ఖాళీ తట్ట ఊపుకుంటూ వచ్చాడు. "ఇది మళ్ళీ నిండుద్ది గదా మరదలా."

"నిండనీ బావా. నువ్వు వచ్చినప్పుడల్లా దులుపుతాం."

చర్మం వదిన గొంతు సవరించుకుంది. "ఇద్దరెందుకో ఇప్పుడర్థమైందిలే."

"ఒకతి పడకేస్తే ఇంకొకతి ఉండాలి గదా వదినా" అంది కుడెమ్మ.

అప్పటినుంచే మనుషులూ మేకలూ ఉచ్చ పోస్తున్నారు. మనం కిడ్నీలంటామే, ఆ ఇద్దరూ వీళ్ళే. నీళ్ళు తక్కువ తాగామా, ఆ కాసిని కూడా చూసి చూసి వదుల్తారు, అందుకే అప్పుడు ఉచ్చ ముదురు పసుపు. మనం ఆడుకున్నా, పడుకున్నా, వీపు వెనకాల ఆ అక్కచెల్లెళ్ళు ఒంట్లో సామానంతా వాకిట్లో పెడుతూనే ఉంటారు, మనవి మనకి లోపలికి తెచ్చిపెడుతూనే ఉంటారు.