గూడబాతులు ఎందుకు రావడం లేదు?

అడవి అంచున లంకమడుగు ఉండేది. చలి మొదలవగానే గూడబాతులు గుంపులుగా వచ్చి గట్టు మీది తుమ్మచెట్లపై గూళ్లు కట్టుకునేవి. వాటి గోలకి అందరూ విసుక్కునేవారు, నీటికోడి పైడి తప్ప. రత్తాలు అనే గూడబాతు పైడికి ప్రాణస్నేహితురాలు. రత్తాలు దూరదేశాల కబుర్లు చెబుతుంటే పైడి మేత సంగతి కూడా మరిచిపోయి వినేది.

కిందటేడు గూడబాతులు రాలేదు. ఈ ఏడూ రాలేదు. ఖాళీ గూళ్ల నుంచి పుల్లలు ఒక్కొక్కటే రాలిపోతుంటే పైడి ఆకాశం కేసి చూస్తూ కూర్చునేది.

ఏనుగు పెద్దయ్య ఏటా మడుగు గట్టున సభ పెట్టేవాడు. ఎవరైనా ఒక సంగతి పరిశోధించి వ్యాసం చదివితే, దాని మీద సభకు నమ్మకం కుదిరితే, అడవంతా కలిసి ఆ పనికి పూనుకునేది. రాసినవాళ్లకు సభలో పీట దక్కేది.

పైడి తాటాకు మీద ముల్లుతో ఏదో రాసుకుని, పిల్లలకు చదువు చెప్పే గేదె నూకాలు దగ్గరికి వెళ్లింది.

"విను అత్తా. 'అయ్యో గూడబాతులారా, మమ్మల్ని మరిచిపోయారా...'"

నూకాలు నెమరు ఆపింది. "ఏడవాలనుంటే నా పక్కన కూర్చుని ఏడువు అమ్మాయ్. ఇది మాత్రం వ్యాసం కాదు. అసలు నీకేం తెలియాలి?"

"రత్తాలు ఎందుకు రాలేదో."

"రత్తాలొక్కతేనా రానిది?"

"కాదు... గూడబాతులు ఎందుకు రావడం లేదో."

"అదీ ప్రశ్న. ముందు అది రాయి. ఇంతకీ మరిచిపోయాయని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నాకే అలా అనిపించింది."

"అనిపించింది పక్కన పెట్టి, వెళ్లి చూసిరా. నువ్వు చూడలేనిది చూసినవాళ్లని అడిగి, వాళ్ల పేరుతోనే రాయి. ఎంత వెతికినా తెలియకపోతే, తెలియలేదనే రాయి."

"నవ్వరూ?"

"నవ్వనీ. నీ తర్వాత వెతికేవాళ్లకి నువ్వెక్కడ ఆగావో తెలియాలి కదా."

పైడి వెళ్లి చూసింది. తుమ్మచెట్లు చెక్కుచెదరలేదు. మడుగు మాత్రం ఎక్కడా నీరు కనిపించనంతగా గుర్రపుడెక్కతో కప్పుకుపోయింది. పొడుగాటి వేళ్లతో డెక్క మీద నడుచుకుంటూ పైడి మధ్య దాకా వెళ్లింది. డెక్క కింద, గూడబాతులు తినే చేపలు బాగా తగ్గాయని మడుగులో ఈదే నీటికుక్క చెప్పింది. పైడి అంతా రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. తన బాధ చెప్పుకున్న వాక్యాలు ఒక్కొక్కటే తీసేసింది. రత్తాలు పేరు కొట్టేసేటప్పుడు మాత్రం ముల్లు చాలాసేపు కదల్లేదు.

చివర్లో ఇలా రాసింది: "డెక్క తీసేస్తే గూడబాతులు తిరిగి వస్తాయో రావో నాకు తెలియదు."

సభ ముందు రోజు నక్క జంబన్న ఎదురొచ్చాడు. "ఏమ్మా పైడీ, నీ రాత వంకరటింకరగా ఉంటుందిగా! ఇలా ఇవ్వు, పొద్దున్నకల్లా ముత్యాల్లా తిరగరాసి ఇస్తాను."

పైడి నమ్మి ఇచ్చింది. జంబన్న నీటికుక్క పేరు తీసేశాడు. 'తెలియదు' అన్నచోట 'తప్పక వస్తాయి' అని రాశాడు. మిగతాదంతా ఉన్నదున్నట్టు దించేసుకుని, సభలో తన వ్యాసమని గొంతెత్తి చదివాడు.

"...డెక్క మీద నడుచుకుంటూ నేను మడుగు మధ్య దాకా వెళ్లాను..."

సభంతా తలలూపింది. ఆ మాటలు నావి అంటే ఎవరు నమ్ముతారు, అనుకుంది పైడి. కానీ ఖాళీ గూళ్లు కళ్ల ముందు మెదిలాయి. లేచి నిలబడింది.

"జంబన్న బావా, ఏ వైపు నుంచి నడిచావు?"

"ఇదిగో, ఈ వైపు నుంచే!"

"ఒక్కసారి నడిచి చూపించవా? అందరం చూస్తాం."

పచ్చగా, చదునుగా పరుచుకున్న డెక్క జంబన్న కంటికి పచ్చికబయల్లా కనిపించింది. దర్జాగా అడుగేశాడు. చెవుల దాకా మునిగిపోయాడు. నీటికుక్క మెడ పట్టుకుని ఒడ్డుకు లాగింది.

"చేపల సంగతి ఎవరు చెప్పారు నీకు?" అడిగాడు పెద్దయ్య.

జంబన్న బురద కక్కుతూ తోక ముడుచుకున్నాడు.

"నేను చెప్పాను. పైడికి," అంది నీటికుక్క.

పెద్దయ్య పైడి వైపు తిరిగాడు. "డెక్క తీస్తే వస్తాయా?"

"తెలియదు పెద్దయ్యా. తీసి చూడాలి."

"ఈ మాటని నమ్మవచ్చు," అన్నాడు పెద్దయ్య. జంబన్నను సభ నుంచి పంపేసి, పీట పైడికి వేయించాడు. ఏనుగులు, గేదెలు, పందులు ఏడాది పొడుగునా డెక్క లాగి గట్టున పోశాయి. మడుగులో మళ్లీ ఆకాశం కనిపించింది.

చలి మొదలైంది. ఒక ఉదయం రెక్కల చప్పుడైంది. కొన్నే వచ్చాయి. పైడి ఒక్కో చెట్టు కిందికీ పరిగెత్తి ఒక్కో ముఖమూ చూసింది. రత్తాలు లేదు.

"రత్తాలుని చూశారా?"

"మేము ఉత్తరం నుంచి వచ్చాం. ఆ పేరు వినలేదమ్మా," అంది ఒక ముసలి గూడబాతు.

పైడి ఒకసారి ఆకాశం కేసి చూసింది. తర్వాత దాని పక్కన చేరి, మెల్లగా అడిగింది: "అక్కడ మీ మడుగులు ఎలా ఉన్నాయి? మొదటి నుంచీ చెప్పు. నీ పేరు కూడా చెప్పు, రాసుకుంటాను."

నీతి: ఇతరుల రాతను తనదని చెప్పుకున్నవాడు ఒక్క ప్రశ్నకు దొరికిపోతాడు, తెలియనిది తెలియదన్నవాడికే వెతకడానికి దారి మిగులుతుంది.