ఏటి పక్క రెక్క

నాగేశం మేష్టారి మైదానంలో కుడి, ఎడమ అనే రెండు మాటలు ఎవరూ పలకకూడదు. వేసవిలో గోదావరి తగ్గాక తేలే గట్టి ఇసుక మేట అది. ఒక పక్క ఏరు, ఇంకో పక్క లంక అరటితోటలు. ఐ.టి.ఐ.లో ముప్ఫై ఏళ్ళు రేడియో పని నేర్పి రిటైరైన మేష్టారు, ప్రతి ఆదివారం సాయంత్రం తాను చేసిన చిన్న విమానాలను రిమోటుతో అక్కడ ఎగరేసేవారు. నేర్చుకుంటామని వచ్చినవాళ్ళకు నేర్పేవారు. ఆయన దగ్గర ఏటి పక్క అనాలి, తోట పక్క అనాలి. రిమోటు పెట్టె మీది రెండు పుల్లలకు కూడా ఆయన పేర్లు వేరు. ఒకటి ఇంజను పుల్ల, రెండోది అన్నం చేతి పుల్ల. ఎవరైనా నోరు జారి కుడి అంటే, "ఎవరి కుడి?" అని అడిగి, జవాబు వచ్చేదాకా పని ఆపేసేవారు. జనం దాన్ని ముసలాయన చాదస్తం అనుకుని నవ్వుకునేవారు.

ఆ వచ్చేవాళ్ళలో ముత్యాలరావు ఒకడు. లంకలో అరటి వేసే రైతు. యాభై దాటాక ఈ విద్య మీద మోజు పుట్టింది. రెండేళ్ళ నుంచి వస్తున్నాడు. విమానాన్ని లేపడం వచ్చు, దూరం తీసుకుపోవడం వచ్చు, ఆకాశంలో గిరికీలు కొట్టించడం కూడా వచ్చు. దింపడమే రాదు. విమానం వెనక్కి మళ్ళి తన వైపు రావడం మొదలవగానే అతని చెయ్యి తడబడేది. పెట్టె మేష్టారి చేతిలో పెట్టేసేవాడు. ఆయన మారుమాట లేకుండా దింపేవారు.

ఒక ఆదివారం ముత్యాలరావు కూతురి స్కూటీ వెనక కూచుని వచ్చాడు. కూతురు హైమ బండి ఆపి, తండ్రి వైపు చూడకుండా ఏటికేసి తిరిగి నిలబడింది. మేష్టారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ముక్కాలి పీట మీద ఉన్నారు. ఆయన కంటి శుక్లాలు తీసి ఎనిమిది రోజులైంది. ముత్యాలరావు ఆయన పక్కన గొంతుక్కూచుని, కూతురికి వినబడకుండా అడిగాడు.

"మేష్టారూ, ఒక్క మాట చెప్పండి. ఈ పిల్ల కాకినాడలో నర్సింగు చదివిన రెండేళ్ళూ, ఫోనులో నేనేం చెప్తే అది వినేది. చదువు వదిలేసి ఇంటికొచ్చి ఇరవై రోజులైంది. ధైర్యంగా ఉండవే అంటే ఏడుస్తుంది. పోనీ చదవకులే అంటే, నన్ను చేతకానిదాన్ని అంటున్నావా అని లేస్తుంది. ఎందుకు మానేశావంటే తలుపేసుకుంటుంది. ఏ మాటన్నా ఎదురు తిరుగుతోంది. విశాఖపట్నంలో ఏదో బట్టల కొట్లో పని దొరికిందట. రేపు పొద్దున్న ఐదింటి బస్సుకి పోతానంది. మళ్ళీ రానంది. సంచీ సర్దేసుకుంది. నాకీ ఒక్క పూటే ఉందండి. దాంతో ఏం మాట్లాడమంటారు?"

మేష్టారు చేతి రుమాలు పైకెత్తి గాలి చూశారు.

"సముద్రం గాలి మొదలైంది. మేడ విమానం తియ్యి," అన్నారు.

పైన ఒక జత, కింద ఒక జత రెక్కలు, మధ్యలో సన్నని బద్దలు, తీగలు ఉన్న పాతకాలపు రకం విమానానికి ఊళ్ళోవాళ్ళు పెట్టిన పేరది. మేష్టారు ఒక వర్షాకాలమంతా కూచుని చేశారు. మిగతా విమానాలు ఇంజను ఆగిపోయినా గాలిలో జారుకుంటూ వచ్చి దిగుతాయి. మేడ విమానం అలా రాదు. ఇంజను ఆగితే బస్తా పడ్డట్టు పడుతుంది. టాంకులో నూనె పన్నెండు నిమిషాలకే వస్తుంది. ఆ లోపలే దాన్ని ఇంటికి తేవాలి.

"అమ్మాయ్," అని మేష్టారు హైమను పిలిచారు. "ఆ పడమటి చివరికెళ్ళి నిలబడు. నీళ్ళకొచ్చే గేదెలు అడ్డంగా నడుస్తాయి. రానివ్వకు."

"నేను చెప్తే వింటాయాండీ గేదెలు?"

"మీ నాన్న చెప్తే వినవు. నువ్వు చెప్పి చూడు."

హైమకు నవ్వు వచ్చింది. అది కనబడకుండా గబగబా నడిచిపోయింది.

ముత్యాలరావు విమానం లేపాడు. చెంగున లేచింది. ఏటి మీదకు పోయింది, తోటల మీద చుట్టు తిరిగింది. దూరంగా పోతున్నంతసేపూ అతని మనసుకు హాయిగా ఉంది. పొద్దున్న బస్సు సంగతి కూడా కాసేపు మరిచిపోయాడు. ఎనిమిది నిమిషాలైందని మేష్టారు గడియారం చూసి చెప్పారు. ముత్యాలరావు అలవాటుగా పెట్టె ఆయన ముందుకు చాచాడు. మేష్టారు చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"పట్టుకోండి మేష్టారూ."

"ఆకాశంకేసి చూడొద్దన్నాడు డాక్టరు. చూసినా నాకు మసకే."

"అదేదో ముందే చెప్పొద్దాండీ!"

"చెప్తే లేపేవాడివా?"

"మరి ఎవరు దింపుతారు?"

"పెట్టె ఎవరి చేతిలో ఉంది?" అన్నారు మేష్టారు. "తొమ్మిదో నిమిషం నడుస్తోంది. తిప్పు."

తిప్పాడు. పడమటి నుంచి విమానం ముఖం ఇటు పెట్టింది. దూరం పోయే విమానానికి, పుల్ల ఎటు నెడితే అది అటే ఒరుగుతుంది. మన వైపు వచ్చే విమానానికి అదే పుల్ల తారుమారవుతుంది. తోట పక్కకు నెడితే ఏటి పక్కకు ఒరుగుతుంది. ఈ సంగతి ముత్యాలరావుకు రెండేళ్ళుగా తెలుసు. తెలిసిన సంగతి అతని బొటనవేలి దాకా రాలేదు, అంతే. విమానం కొద్దిగా తోట మీదకు ఒరిగింది. సరిచెయ్యబోయి ఇంకా ఒరిగేట్టు చేశాడు. కంగారుగా అటు లాగాడు, ఇటు లాగాడు. అది గాలిలో తాగినవాడిలా తూగింది.

"మాట వినట్లేదండీ! ఎదురు తిరుగుతోంది!"

"ఎదురు తిరగలేదయ్యా. మన వైపు తిరిగింది," అన్నారు మేష్టారు, చూపు నేల మీదే ఉంచి. "గెల బరువుకి అరటిచెట్టు వాలితే ఊతకర్ర ఎటు పెడతావు?"

"వాలిన పక్కే పెడతానండీ."

"మరి ఇంకేం. ఏ రెక్క వాలితే ఆ పక్కకే పుల్ల నెట్టు. దాని కిందకి ఊతకర్ర దూర్చినట్టు."

ముత్యాలరావు ఊతకర్రలు పెట్టీ పెట్టీ చేతులు కాయలు కాచిన మనిషి. ఆ మాట చెవిన పడగానే చెయ్యి కుదుటపడింది. తోట పక్క వాలింది, పుల్ల తోట పక్కకు నెట్టాడు, రెక్క లేచింది. ఏటి పక్క వాలింది, అటు నెట్టాడు, లేచింది. విమానం రెండు తాటిచెట్ల ఎత్తుకు దిగి, తిన్నగా ఇసుక మేట మీదకు వస్తోంది.

"పదకొండు," అన్నారు మేష్టారు.

అప్పుడు ఎండ అడ్డం వచ్చింది. పడమటికి వాలిన సూర్యుడు సరిగ్గా హైమ నెత్తికి పైన కనబడుతున్నాడు. విమానం ఆ వెలుగులోకి దిగింది. రెండంతస్తుల రెక్కలూ కరిగిపోయి ఒక నల్లటి మచ్చ మిగిలింది. అది వాలిందో, తిన్నగా ఉందో, ఎటు వాలిందో తెలియదు. ఇంజను చప్పుడు మాత్రం దగ్గరవుతోంది. ముత్యాలరావు కళ్ళు చికిలించాడు, నీళ్ళు కారాయి.

"కనబడట్లేదు మేష్టారూ! ఏమీ కనబడట్లేదు!"

అవతలి చివర నుంచి, గాలికి ఎదురుగా, హైమ అరిచింది. "కుడి! నాన్నా, కుడి రెక్క వాలిపోతోంది!"

ముత్యాలరావు పుల్ల కుడికి నెట్టాడు. ఇంజను గొంతు మారింది. మచ్చ పక్కకు జారిపోయింది. హైమ కేక పెట్టింది. "కుడి అంటుంటే! ఇంకా వాలుస్తావేంటి!"

నాగేశం మేష్టారు పీట తన్నుకుంటూ లేచి నిలబడ్డారు. ఆ వయసులో ఆయనకు అంత గొంతు ఉందని ఎవరూ అనుకోరు. "ఎవరి కుడి? అమ్మాయ్! ఏటి పక్కా, తోట పక్కా?"

హైమ తల తిప్పి ఏరు ఎటుందో చూసుకుంది.

"ఏటి పక్క!"

ముత్యాలరావుకు ఆ వెలుగులో మచ్చ తోట పక్కకు జారినట్టే తోచింది. తన కళ్ళు ఒకటి చెబుతున్నాయి, కూతురు ఒకటి చెబుతోంది. తను ఎండకు ఎదురుగా ఉన్నాడు, ఆమె ఎండకు వెన్నిచ్చి ఉంది. పుల్లను ఏటి పక్కకు నెట్టి, అలాగే పట్టుకున్నాడు.

"లేచింది!" అంది హైమ. "లేచింది, ఇప్పుడు తిన్నగా ఉంది. కొంచెం తోట పక్క. చాలు. చాలు నాన్నా!"

విమానం ఎండలోంచి బయటికి వచ్చేసరికి మోకాలెత్తున ఉంది. చక్రాలు ఇసుకను తాకాయి, ఎగిరాయి, మళ్ళీ తాకాయి. పదిగజాలు పరుగెత్తి, ముక్కు మీదికి తూలి ఆగింది. ఇంజను దగ్గినట్టు రెండుసార్లు చప్పుడు చేసి ఆగిపోయింది. నూనె అయిపోయింది.

ముత్యాలరావు ఇసుకలో కూలబడ్డాడు.

హైమ విమానాన్ని రెండు చేతులా ఎత్తుకుని వచ్చింది. కింది రెక్క కొస విరిగింది, ముందున్న పంకా ఆకు ఒకటి పోయింది. ఆమె మొహం పాలిపోయి ఉంది.

"నావల్లే పడిపోయేది. కుడి అన్నాను. అది నా కుడి."

ఇరవై రోజులుగా చెబుతున్న మాటే ముత్యాలరావు నాలిక చివరి దాకా వచ్చింది, ఇంతమాత్రానికే బెంబేలెత్తితే ఎలాగని. ఎందుచేతనో అది బయటికి రాలేదు.

"నీకు అక్కణ్ణించి ఎలా కనబడిందమ్మా?" అన్నాడు.

హైమ విమానం ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూచుంది.

"నాకు అది కుడే నాన్నా. నేను సరిగ్గానే చెప్తున్నాననుకున్నాను." విరిగిన రెక్క కొసను వేలితో సవరిస్తూ, "అక్కడా ఇంతే అయింది," అంది.

"ఎక్కడ?"

"ఆసుపత్రిలో. చివర్నించి రెండో మంచానికి ఇంజెక్షను చెయ్యమంది సిస్టరు. ఆవిడ తలుపు దగ్గరుంది, నేను కిటికీ దగ్గరున్నాను. ఎవరి చివర అని నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. వేరే ఆయనకి చేసేశాను. ఆయనకేం కాలేదు. కాని తెల్లారేదాకా ఆయన ఊపిరి చూసుకుంటూ పక్కనే కూచున్నాను. ఆ తర్వాత సూది పట్టుకుంటే చెయ్యి నిలబడట్లేదు. నువ్వేమో రోజూ ధైర్యం, ధైర్యం అంటావు."

ఏట్లో నీళ్ళు తాగి వచ్చిన గేదెలు రెండు, ఎవరూ ఆపేవాళ్ళు లేక, మైదానానికి అడ్డంగా తీరుబడిగా నడిచిపోయాయి.

"ఏమైనా అను," అంది హైమ.

"వింటున్నానమ్మా. ఆయన పేరేంటి?"

"ఎవరి పేరు?"

"నువ్వు ఊపిరి చూసినాయన."

ఆమె చెప్పింది. ఆయన ఊరు చెప్పింది, పొద్దున్న లేచి తనను కాఫీ తాగావా అని అడిగాడని చెప్పింది. చెబుతూ ఏడ్చింది. తండ్రి ఊరుకోమనలేదు. ఎండ తగ్గిపోయింది. హైమ కళ్ళు తుడుచుకుని, విమానాన్ని మేష్టారు తెచ్చిన చెక్కపెట్టెలో జాగ్రత్తగా సర్ది లేచింది.

"ఐదింటిదే కానక్కర్లేదు. పదింటికి ఇంకో బస్సుంది," అంది, ఎవరూ అడగకుండానే. బండి తియ్యడానికి వెళ్ళింది.

ముత్యాలరావు మేష్టారి దగ్గరకు జరిగాడు.

"మేష్టారూ, నేనడిగినదానికి మీరు జవాబే చెప్పలేదు. పదింటి దాకా టైముంది. ఇంటికెళ్ళాక ఈ పిల్లతో ఏం మాట్లాడాలో ఇప్పుడైనా చెప్పండి."

మేష్టారు నల్లకళ్ళద్దాలు తీసి, పంచె చెంగుతో తుడుచుకుంటూ అన్నారు:

"నన్నడుగుతావేంటయ్యా? నాకేం కనబడింది గనక?"