చెప్పకుండా దాచిన మూడు రోజులు

అనగనగా ఒక ఏరు, ఆ ఏటి పక్కన ఒక అడవి. వానాకాలంలో ఏరు పొంగి బొరియల్లోకి నీళ్లు వచ్చేవి. అందుకని అడవి కొలువు ఒక ఏర్పాటు చేసింది. ఎవరి బొరియ, ఎవరి గూడు ఎక్కడుందో ముందే చెప్పుకుంటే, వరద రాగానే ఏనుగులు వచ్చి పిల్లల్ని గట్టుకు చేరుస్తాయి.

ఆ గుర్తులు తాటాకుల మీద రాసే పని సింగన్న అనే ముళ్లపందిది. రాసిన ఆకుల్ని కట్టగా కట్టి గుహలో ఉంచేవాడు.

"మా బొరియ సంగతి ఇంకెవరికీ తెలియదు కదా అన్నా?" అని అడిగింది కుందేలు మంగమ్మ. ఆమెకు మూడు పసికూనలు.

"తెలియనివ్వనమ్మా. నాదీ పూచీ," అన్నాడు సింగన్న. మనస్ఫూర్తిగానే అన్నాడు.

కానీ గుహకు తలుపు లేదు. పెట్టిద్దాం, పెట్టిద్దాం అనుకుంటూనే రోజులు గడిపేశాడు. ఒక మధ్యాహ్నం నీళ్లు తాగి వచ్చేసరికి కట్ట విప్పేసి ఉంది. నేలంతా నక్క అడుగులు!

సింగన్న అప్పుడే చెప్పి ఉంటే అందరూ బొరియలు మార్చుకునేవాళ్లు. కానీ "చెబితే ఇక నన్నెవరు నమ్ముతారు?" అనుకుని ఆ అడుగులు చెరిపేశాడు.

మొదటి రోజు కౌజుపిట్ట గుడ్లు పోయాయి. "నక్క ఇక రాదులే," అనుకున్నాడు. రెండో రోజు ఉడుము గుడ్లు పోయాయి. "రేపు చెబుతాను," అనుకున్నాడు. మూడో రోజు మంగమ్మ ఏడుపు వినిపించింది. మూడు కూనల్లో ఒకటి లేదు.

అప్పుడు పరుగున వెళ్లి కొలువులో అంతా చెప్పేశాడు. ఏనుగులు నక్కను తరిమేశాయి. గుహకు బండరాయి అడ్డం పెట్టాయి. అందరూ కొత్త బొరియలు తవ్వుకున్నారు.

వానలు దగ్గరపడ్డాయి. మేత మేస్తున్న మంగమ్మ దగ్గరికి వెళ్లాడు సింగన్న.

"కొత్త బొరియ ఎక్కడో చెప్పమ్మా. ఇప్పుడా గుహలోకి ఎవరూ పోలేరు."

"రాయి గట్టిదే అన్నా," అంది మంగమ్మ. "కానీ నక్క వచ్చిందని తెలిసి కూడా మూడు రోజులు మా మధ్యే తిరిగావు. ఒక్క మాట చెప్పలేదు. నిన్నెలా నమ్మను?"

మిగతావాళ్లూ చెప్పలేదు.

ఆ ఏడు వరద పెద్దగా వచ్చింది. "ఎక్కడున్నారమ్మా?" అని నీళ్లలో నిలబడి ఏనుగులు పిలుస్తూనే ఉన్నాయి. ఎటు పోవాలో వాటికి తెలియలేదు. మంగమ్మ ఒక కూనను నోట కరుచుకుని గట్టెక్కింది. రెండోదాని కోసం వెనక్కి తిరిగేసరికి బొరియ మునిగిపోయింది.

సింగన్న వచ్చి ఆమె ముందు తల దించుకున్నాడు. ఆమె మిగిలిన కూనను దగ్గరికి తీసుకుని, తడి ఆరేదాకా నాకుతూ కూర్చుంది.

నీతి: జనం నమ్మి ఇచ్చిన వివరాలను సర్కారు కంటికి రెప్పలా కాపాడాలి, అవి ఆకుల కట్టలో ఉన్నా, ఆన్‌లైన్‌లో ఉన్నా. ఒకవేళ దొంగలపాలైతే ఆ సంగతి ముందు జనానికే చెప్పాలి. దాచిపెడితే, తర్వాత చేసే మేలును కూడా ఎవరూ నమ్మరు.