సుద్దమ్మ కడుపున నల్లపిల్ల

పలుగురాళ్ల గుట్ట మీది మేకలకు కాపరి లేడు. ఏనాటి కరువులోనో మంద దారి తప్పి గుట్టెక్కితే, దిగి రమ్మని పిలవడానికి ఎవరూ రాలేదు. అప్పటినుంచి గుట్ట వాటిదే. ఎండకు మెరిసే తెల్లటి రాళ్లు, రాళ్ల సందుల్లో రేగు, తుమ్మ, బలుసు పొదలు. కింద పట్టపగలు కూడా నీడలో మునిగి ఉండే లోయ. ఆ లోయ అవతల ఒక చిరుత.

చిరుత పక్కన మేకలు బతకాలంటే ఒక పద్ధతి ఉండాలి. ఆ మందకు ఉండేది. పగలు మేతకు దిగితే తెల్లమేకలు బయట వరసలో, నల్లమేకలు లోపల నడిచేవి. తెల్లరాళ్ల మధ్య తెల్లమేక ఒక పట్టాన కంటికి ఆనదు. పొద్దు వాలగానే వరసలు తిరగబడేవి. నల్లవి చుట్టూ పడుకుంటే తెల్లవి నడుమ ఒదిగేవి. అప్పుడు ఏది మేకో ఏది చీకటో చిరుతకు అంతుపట్టేది కాదు. తాతల నాటి అలవాటు కావడంతో అందరూ చేసేవాళ్లే గానీ, ఎందుకు చేస్తున్నామని అడిగేవాళ్లు లేరు.

మందకు పెద్ద సుద్దమ్మ. వయసులో చిన్నదే, చురుకైనది. ఒంటి మీద వెతికినా మచ్చ దొరకదు. ఆమె తల్లి నీలవ్వ మాత్రం కారు నలుపు. ఎవరైనా "నీలవ్వ కూతురు" అంటే సుద్దమ్మ చెవులు వెనక్కి వాలిపోయేవి.

ఒకరోజు తిమ్మక్క అనే తెల్లమేకకు ఒక నల్ల మేకపోతు వల్ల పుట్టిన నల్లపిల్ల రేగుపండు కోసం వరస దాటి బయటికి గెంతింది. మళ్లీ లోపలికి రాలేదు. చిరుత నోట కరుచుకుపోయింది. మంద అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది.

మర్నాడు పరామర్శకు నక్క చెన్నప్ప వచ్చాడు. కొమ్ములకు అందనంత దూరంలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు.

"ఎంత ఘోరం జరిగింది సుద్దమ్మా! ఆ పిల్లను లోయలోంచి నేనే చూశాను. సున్నం కొట్టిన గోడ మీద బొగ్గుముక్క పెట్టినట్టుంది. నాకే కనబడ్డది చిరుతకు కనబడదా?"

"చూసినవాడివి ఒక్క కూత కూయలేకపోయావా మామా?" అంది తిమ్మక్క.

"కూసేలోపే అయిపోయింది తల్లీ."

సుద్దమ్మ మగడు, గడ్డం ఓబులయ్య, ముందుకొచ్చి గిట్టతో నేల గీరాడు. "వచ్చిన పని చెప్పు చెన్నప్పా. ఊరికే కన్నీళ్లు కార్చే జాతి కాదు మీది."

"నీ నోరు ఎప్పుడూ ఇంతే బావా! సరే, విను. తెల్లరాళ్ల మీద తెల్లవాళ్లు ఉండాలి, నీడలో నల్లవాళ్లు ఉండాలి. లోయ నిండా నీడే, కావలసినంత ఆకు, పక్కనే నీళ్లు. నల్లవాళ్లను అక్కడికి పంపేయండి. వాళ్లూ బతుకుతారు, మీరూ బతుకుతారు. ఇందులో నాకేమన్నా వస్తుందా?"

"మళ్లీ ఇక్కడ నల్లవి పుడితే?" అంది సుద్దమ్మ.

"ఎందుకు పుడతాయమ్మా? తల్లి తెలుపు, తండ్రి తెలుపు. పాలలో పాలు పోస్తే పాలే అవుతాయి గానీ నీళ్లవుతాయా? ఒక్కసారి పంపేస్తే ఇక ఈ బెడదే ఉండదు."

లెక్క సూటిగా ఉంది. సుద్దమ్మకు నచ్చింది.

నీలవ్వ నెమరు ఆపి తల ఎత్తింది. "చెన్నప్పా, మేం పోతే రాత్రిళ్లు బయట వరసలో ఎవరు పడుకుంటారు?"

"చిరుత వచ్చింది పగలు కదా అవ్వా! నువ్వు రాత్రి గురించి అడుగుతావేంటి?" అని నవ్వాడు చెన్నప్ప. మేకలు కూడా నవ్వాయి.

ఆ సాయంత్రం నీలవ్వ కూతుర్ని పక్కకు పిలిచింది.

"నన్ను చూస్తే నీకు సిగ్గని తెలుసు లేవే. దానికి నేను బాధపడను. కానీ ఒక మాట. నువ్వు నా కడుపున పుట్టావు. మీ నాన్న తెలుపు నీ పైన కనబడుతోంది, నా నలుపు లోపల ఉంది. తెల్లారేసరికి గుట్టను మంచు కప్పేస్తుంది. కనబడనంత మాత్రాన గుట్ట లేనట్టా?"

"నా ఒంట్లో నలుపు లేదమ్మా. ఎక్కడుందో చెప్పు. ఒక్క వెంట్రుక చూపించు."

చూపించడానికి నీలవ్వ దగ్గర ఏమీ లేదు.

మర్నాడు సుద్దమ్మ మాట మీద నల్లమేకలన్నీ చెన్నప్ప వెనక లోయలోకి దిగాయి. నీలవ్వ అందరికంటే వెనక నడిచింది. దారి మలుపు దగ్గర ఆగి కూతురి వైపు తిరిగింది. అప్పటికి సుద్దమ్మ కడుపుతో ఉంది.

"కాన్పు కష్టమైతే కుడి పక్కకు ఒరిగి పడుకో. తేలికవుతుంది," అని చెప్పి దిగిపోయింది.

చెన్నప్ప వెనక్కి వచ్చి ఒక కట్టుబాటు చెప్పాడు. "మలుపు దాటి మీరెవరూ కిందికి రావద్దు. మీ వాసన పట్టుకుని చిరుత అటు వస్తుంది. కబుర్లు నేను మోస్తాను." సుద్దమ్మ ఆ మాటే మందకు కట్టుబాటు చేసింది.

తొలకరి పడింది. మేకలు ఈనడం మొదలైంది. తిమ్మక్కకు మళ్లీ నల్లపిల్లే పుట్టింది, ఈసారి మగపిల్ల. ఆమె ఇప్పటి తెల్ల మగడు పిల్ల చుట్టూ తిరిగి వాసన చూశాడు.

"ఈ నలుపు ఎక్కడిదే?"

"నన్నడుగుతావేం? మీ నాయనమ్మది ఏ రంగో గుర్తు తెచ్చుకో!"

"మా నాయనమ్మ జోలికి రాకు!"

"నా జోలికి నువ్వు రావచ్చా?"

ఇంకో రెండు మూడు జతల్లోనూ ఇదే గొడవ. చెన్నప్ప వచ్చి అందరినీ సముదాయించాడు. "పాతది ఎక్కడో కాస్త మిగిలినట్టుంది, ఈ ఏడుతో సరి. ఏడుస్తావెందుకు తిమ్మక్కా? వీణ్ని నీలవ్వకు అప్పజెబుతాను. అవ్వ ఒళ్లో హాయిగా పెరుగుతాడు."

నల్లపిల్లల్ని మలుపు దాకా తల్లులు తెచ్చేవాళ్లు, అక్కడినుంచి అతను తీసుకుపోయేవాడు. వచ్చినప్పుడల్లా కబురు తెచ్చేవాడు. "మీ వాడికి కొమ్ములు మొలుస్తున్నాయి తిమ్మక్కా. ఊరికే ఉండడు, రాయి కనబడితే చాలు ఎక్కేస్తాడు." తిమ్మక్క ఆ ఒక్క మాటను మళ్లీ మళ్లీ చెప్పించుకునేది.

"ఒళ్లు చేశావేం మామా?" అని ఎవరో అడిగితే, "మీ పిల్లల వెంట పరుగెత్తి పరుగెత్తి ఆకలి పెరిగిపోయింది," అన్నాడు.

మరోపక్క రాత్రిళ్లు బయట వరసలోంచి మేకలు మాయం కాసాగాయి. తెల్లారి చూస్తే రాళ్ల మీద ఈడ్చిన గుర్తులు ఉండేవి. సుద్దమ్మ వరసలు మార్చి చూసింది. అటు పడుకోబెట్టినా తెలుపే, ఇటు పడుకోబెట్టినా తెలుపే. మార్చడానికి రెండో రంగు లేదు.

ఆమెకు ఒక తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగినట్టుంది, ఎంతకీ రాదు. చివరికి కుడి పక్కకు ఒరిగింది. కవల పిల్లలు పుట్టాయి. మొదటిది మల్లెపువ్వులా ఉంది. రెండోది పుడుతూనే తడి కళ్లతో తల్లిని చూసింది. కారు నలుపు, అచ్చం నీలవ్వ. సుద్దమ్మ నాలుకతో రుద్ది రుద్ది నాకింది. రంగు పోలేదు. నాకుతూ నాకుతూనే దానికి కాటుక అని పేరు పెట్టేసుకుంది.

తల ఎత్తితే తల్లులంతా చుట్టూ నిలబడి ఉన్నారు.

"ఏం సుద్దమ్మా," అంది తిమ్మక్క, "నీ పాలలో నీళ్లెవరు పోశారు?"

ఓబులయ్య తల దించుకున్నాడు. తిమ్మక్కే మళ్లీ అంది, "మా పిల్లల్ని పంపినప్పుడు మేం ఒక్క మాటైనా అన్నామా?"

అనలేదు. అది సుద్దమ్మకు తెలుసు. నా బిడ్డను పంపను అనడానికి ఆమెకు నోరు లేదు.

"పంపుతాను. నేనే తీసుకెళ్తాను," అంది.

మధ్యాహ్నం మలుపు దగ్గర చెన్నప్ప సిద్ధంగా ఉన్నాడు. "ఇలా ఇవ్వు తల్లీ. ఎంత ముద్దుగా ఉంది!"

"మా అమ్మను చూడాలి మామా. ఒక్కసారి కాళ్ల మీద పడి వస్తాను."

"కట్టుబాటు పెట్టింది నువ్వే కదమ్మా!"

"నేనే పెట్టాను. నేనే తప్పుతాను." బిడ్డను ముందు నడిపించుకుంటూ ఆమె మలుపు దాటింది. పెద్దమేక కొమ్ములు చూసి చెన్నప్ప అడ్డం రాలేదు. వెనకే నింపాదిగా నడిచాడు. "సరే, చూస్తే చూడు," అన్నాడు.

లోయలో ఎంత పిలిచినా ఎవరూ పలకలేదు. ఒక బండ కింద ఎముకలు కుప్పగా ఉన్నాయి. వాటిలో ఒక కొమ్ము ఎడమకు మెలి తిరిగి ఉంది. అలాంటి కొమ్ము మందలో నీలవ్వకు తప్ప ఇంకెవరికీ లేదు. కొంచెం అవతల నక్క బొరియ. దాని ముందు చిన్న చిన్న గిట్టలు. కొన్ని ఇంకా గట్టిపడనైనా లేదు.

సుద్దమ్మ ఆ మెలి తిరిగిన కొమ్మును వాసన చూసింది.

"చిరుతతో నా ఒప్పందం అది," అన్నాడు చెన్నప్ప మామూలుగా. "పెద్దవాళ్లు దానికి, పుట్టే పిల్లలు నాకు. ఇప్పుడు గుట్ట మీద కూడా రాత్రిళ్లు దానికి తెల్లగా కనబడుతున్నారు. దాని కడుపూ నిండుతోంది."

"ఈ ఏడుతో సరి అన్నావు."

"అలా అనకపోతే ఇస్తారా? చూడు సుద్దమ్మా, ఇది చిన్న లెక్క. ప్రతి పిల్లకూ తల్లి ఒక వాటా ఇస్తుంది, తండ్రి ఒక వాటా ఇస్తాడు. రెంటిలో ఒకటి తెలుపైతే చాలు, ఒళ్లంతా తెలుపే. నలుపు లోపల అణిగి ఉంటుంది గానీ చావదు. అలా దాచుకున్న ఇద్దరు జతకడితే, నాలుగు పిల్లలకు ఒకటి చొప్పున నల్లది పుడుతుంది. ఒక ఈతలో పుట్టకపోవచ్చు, ఇంకో ఈతలో వెంటనే పుట్టచ్చు. మంద మొత్తం కలిపి చూస్తే ఇంచుమించు సరిపోతుంది. ఏటేటా కాస్త తగ్గుతుందనుకో, కానీ నా కాలంలో మాత్రం అడుగంటదు. నల్లవాళ్లను వెళ్లగొట్టి నలుపును వెళ్లగొట్టామనుకున్నారు. అది మీ దగ్గరే ఉంది. ఏటేటా నాకు కని ఇస్తారు."

"నా సంగతి..."

"మొదటిరోజే తెలుసు. మీ అమ్మ దగ్గర నలుపు తప్ప ఇంకేం ఉంది నీకివ్వడానికి? ఓబులయ్యలోనూ ఉందని ఇవాళ తెలిసింది."

బొరియలోంచి నక్కపిల్లలు తొంగిచూశాయి. ఒకదాని తోక చివర తెల్లగా ఉంది. చెన్నప్ప దాన్ని చూసి ముచ్చటగా నవ్వాడు. "నాకూ లేదు, మా ఆవిడకూ లేదు ఆ తెలుపు. మా తాతకు ఉండేది. అది పుట్టాకే ఈ లెక్క నాకు తట్టింది."

"దాన్ని ఏం చేశావు?" అంది సుద్దమ్మ.

అతనికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఏం చేస్తాను? కన్నబిడ్డ కదా. అందరితోపాటే పాలు తాగుతోంది."

సుద్దమ్మ కాటుకను రెండు ముందు కాళ్ల మధ్యకు లాక్కుని కొమ్ములు వంచింది. చెన్నప్ప పక్కకు తప్పుకున్నాడు.

"పో, ఎవరొద్దన్నారు? కానీ పైకి పోయి వాళ్లకేం చెబుతావు? నీ మాట విని వాళ్ల బిడ్డల్ని నక్కకు పెట్టారని చెబుతావా? చెప్పలేవు. బాగున్నారనే చెబుతావు. బాగున్నచోటికి నీ పిల్లను కూడా పంపమని వాళ్లే అడుగుతారు. రేపు నువ్వే తెచ్చి దింపుతావు. ఆ లెక్క కూడా వేసే ఉంచాను."

ఎక్కేదారి చాలా పొడవనిపించింది. కాటుక నడవలేక ఆగినప్పుడల్లా ఆమె ఆగింది. ఆగినప్పుడల్లా నక్క మాట నిజమనిపించింది. ఒక్క మాట చాలు, బాగున్నారని. ఆ మాటతో గుట్ట మీద ఎవరూ ఏడవరు. ఆమెను ఎవరూ తిట్టరు.

పైకి రాగానే తల్లులు పరుగెత్తుకొచ్చారు. కాటుకను చూసి ముందు విస్తుపోయారు. తర్వాత అందరికంటే ముందు తిమ్మక్క తేరుకుంది. మొహం వెలిగిపోతోంది.

"లోపలిదాకా వెళ్లావా? మా వాణ్ని చూశావా? కొమ్ములు ఎంత పెరిగాయి? నన్ను అడిగాడా?"

వెనక నుంచి ఇంకొకామె, "మా దానికి కాలు కొంచెం వంకర సుద్దమ్మా, నడుస్తోందా?" అంది.

సుద్దమ్మ నోరు తెరిచింది. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"లేరు," అంది. "ఎవరూ లేరు. అమ్మ లేదు. పిల్లలు మొదటిరోజే పోయారు. చెన్నప్ప తిన్నాడు. పంపినదాన్ని నేను."

ఓబులయ్య కొమ్ములు రాయికేసి కొట్టుకున్నాడు. చెన్నప్ప వేసుకున్న లెక్కల్లో సుద్దమ్మ నిజం చెప్పదన్నది ఒక్కటే తప్పింది. మర్నాడు మలుపు దగ్గర అతను పొద్దంతా కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. తర్వాత కూడా రాలేదు. కానీ అతని పొట్ట మాడినంత మాత్రాన బొరియ ముందున్న గిట్టలు లేచి నడిచి రావు.

తిమ్మక్క సుద్దమ్మను తిట్టలేదు, పొడవలేదు. వచ్చి కాటుక ముందు నిలబడింది. దాని నెత్తి వాసన చూసింది, మెడ వాసన చూసింది, చెవుల వెనక చూసింది. ఎక్కడా తన బిడ్డ వాసన లేదు. చూస్తూనే ఉంది.

తనలోనే ఉన్నదాన్ని ఎదుటివారిలో చూసి వెళ్లగొట్టినవాళ్లు, చివరికి తమ బిడ్డల్నే వెళ్లగొట్టుకుంటారు.