గవరమ్మ నల్ల నాలుక

ఊ కొడుతూ ఉండాలి మరి. నువ్వు ఆపితే నేనూ ఆపేస్తాను. ఆ దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో.

అనగనగా ఒక ఊళ్ళో, చుట్టూరా చెరకు తోటలున్న ఊళ్ళో, రత్నం అని నీ అంత పిల్ల ఉండేది. వాళ్ళ అమ్మమ్మ గవరమ్మ పక్కన పడుకుని కథ వింటేగానీ దానికి కన్ను మూతపడేది కాదు. అందులోనూ పులి కథే కావాలి.

ఒకసారి గవరమ్మకి జ్వరం వచ్చింది. పొద్దున్న జావ, సాయంత్రం జావ, మధ్యలో బెల్లం కాఫీ. రోజూ పందుంపుల్లతో పళ్ళు తోముకుని, ఆ పుల్లనే రెండుగా చీల్చి నాలుక గీసుకునే మనిషి, ఓపిక లేక అదీ మానేసింది. జ్వరం తగ్గాక చూస్తే నాలుక పెనం అడుగులా నల్లగా ఉంది.

పక్కింటి సన్యాసమ్మ అది చూసింది. చూసి ఊరుకుంటే ఆవిడ సన్యాసమ్మ ఎందుకవుతుంది? "నల్ల నాలుక వాళ్ళు ఏదంటే అది జరుగుతుంది" అని వీధంతా చెప్పొచ్చింది.

ఆ తర్వాత ఒకరోజు గవరమ్మ, "సన్యాసమ్మా, మబ్బు పట్టింది, వడియాలు తీసుకో" అంది. సన్యాసమ్మ తియ్యలేదు. వాన కొట్టింది. ఆ తర్వాత ఎదురింటి వాళ్ళతో, "కుండకి బీట పడింది, నీళ్ళకి తీసుకెళ్ళకండి" అంది. కుండ దారిలోనే పగిలింది. ఆ తర్వాత, "దూడ పలుపు నలిగిపోయింది, మార్చండి" అంది. తెల్లారేసరికి దూడ చెరకు తోటలో ఉంది.

ఇంకేముంది, ఊరు నమ్మేసింది. గవరమ్మ వస్తుంటే తలుపులు వేసుకున్నారు. వాళ్ళు నమ్మితే నమ్మారు, చివరికి గవరమ్మ కూడా నమ్మింది. ఉన్న ఒక్క మనవరాలికి తన నోటి వల్ల ఏమన్నా అయితే ఎలా అని హడలిపోయి మాట్లాడ్డమే మానేసింది. అన్నం తినమని కూడా చేత్తోనే సైగ. ఇక పులి కథ ఎక్కడ? పులి అంటే పులి వచ్చి కూర్చోదూ.

రత్నం అటు దొర్లింది, ఇటు దొర్లింది. నిద్ర రాలేదు. అమ్మమ్మ పక్కనే ఉంది, కానీ లేనట్టే ఉంది. పిల్లకి ఏడుపొచ్చింది.

అప్పుడు దానికో ఆలోచన తట్టింది. "అమ్మమ్మా, రేపు బడి ఉండదు అను" అంది. బతిమాలగా బతిమాలగా గవరమ్మ గొణిగింది. పొద్దున్నే బడిగంట మోగింది. మర్నాడు అమ్మమ్మ చేత "మన జామచెట్టు నిండా పళ్ళు" అనిపించింది. ఒక్క పిందె లేదు. ఆ మర్నాడు "రత్నం జడ మోకాళ్ళ దాకా" అనిపించింది. లేచి తడుముకుంటే అదే పిలక.

"చూశావా, నీ నాలుకకి ఏమీ చేతకాదు" అంది రత్నం.

"మంచికి బద్ధకం ఎక్కువే, చెడుకే తొందర" అని గవరమ్మ మళ్ళీ నోరు మూసుకుంది. మొండిది, ఏం చెప్తాం.

ఇక లాభం లేదని రత్నం వాళ్ళమ్మ గవరమ్మని బస్సెక్కించి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. రత్నం కూడా వెళ్ళింది.

డాక్టరమ్మ చూసి, "ఇదేం భయపడే జబ్బు కాదు పెద్దమ్మా. నాలుక మీద సన్నటి నూగు ఉంటుంది. నమిలి తింటే, గీసుకుంటే అరుగుతూ ఉంటుంది. నువ్వు జావ తాగుతూ గీసుకోవడం మానేశావు, అది చేలో కలుపులా పెరిగింది. కాఫీ రంగు దానికి పట్టింది. పొద్దునా రాత్రీ మెల్లిగా గీసుకో, నీళ్ళు బాగా తాగు, పోతుంది" అంది.

గవరమ్మ గీసుకుంది. రోజూ రత్నమే చూసేది. నలుపు గోధుమరంగైంది, ఆ తర్వాత పసుపైంది, ఆ తర్వాత గులాబీ రంగుకొచ్చింది. మాట మాత్రం రాలేదు. భయం గీసుకుంటే పోయేది కాదు కదమ్మా.

ఒకనాడు సన్యాసమ్మ కొడుకు అప్పలకొండ, కప్పు మీది గుమ్మడికాయ కోద్దామని నిచ్చెన వేశాడు. దాని మెట్టు ఒకటి పుచ్చిపోయి ఉంది. గవరమ్మ అది చూసింది. అంటే పడతాడేమో. అనకపోయినా పడతాడు. రత్నం అమ్మమ్మ మొహంకేసే చూస్తోంది. గవరమ్మకి ఇక ఉండబట్టలేదు.

"ఎక్కకురా అప్పలకొండా, మెట్టు పుచ్చింది" అంది.

"ఇప్పుడు నీ నాలుక బాగానే ఉందిగా అత్తా, నువ్వన్నా ఏం జరగదులే" అని వాడు నవ్వుతూ ఎక్కాడు. మెట్టు ఫెళ్ళుమంది. గడ్డికుప్పలో పడ్డాడు గనక నడుం దక్కింది.

సన్యాసమ్మ పరిగెత్తుకొచ్చి గవరమ్మ నోటికేసి చూసింది. గవరమ్మ నాలుక బారెడు చాపి చూపించింది. ఎక్కడా నలుపు లేదు. సన్యాసమ్మ మెల్లిగా వంగి విరిగిన మెట్టు చేతిలోకి తీసుకుంది. వేలు పెడితే పొడి రాలింది.

"ఆ రోజు నేను వడియాలు తీసుకోవలసింది వదినా" అంది.

ఆ రాత్రి గవరమ్మ పులి కథ మొదలుపెట్టింది. పులి ఇంకా గుహలోంచి బయటికైనా రాలేదు, రత్నం అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నిద్రపోయింది.

నువ్వూ ఊ కొట్టడం మానేశావా? సరే, రేపు పళ్ళతో పాటు నాలుకా గీసుకో.

కథేమో కంచికి, పులేమో పొదకి,
మాటేమో నోటికి, మనమేమో మంచానికి.